పగుళ్లున్న మెటీరియల్‌కి ఎలాస్టిక్ మాడ్యులస్ లెక్కకట్టాలంటే ఏ పద్ధతి పట్టుకోవాలి

పగుళ్లు పడ్డ రాయి అయినా కాంక్రీటు అయినా సిరామిక్ అయినా, దాని మాడ్యులస్ (లాగినా నొక్కినా ఆకారం మారకుండా ఎంత గట్టిగా నిలబడుతుందో చెప్పే కొలత) ఎంత పడిపోయిందో కంప్యూటర్‌లో తేల్చాలని కూర్చున్న ప్రతి ఒక్కళ్లూ మొట్టమొదట అడిగేది "ఏ సాఫ్ట్‌వేర్ వాడమంటారు" అనే, నేను మాత్రం దానికి జవాబు చెప్పకుండా తిరిగి మూడు అడుగుతాను: మీ పగుళ్లు తెరుచుకుని ఉన్నాయా మూసుకుపోయాయా, లోపల గాలా నీళ్లా, ఒకదాన్నొకటి కోసుకుంటున్నాయా విడివిడిగా ఉన్నాయా. ఈ మూడూ తెలిస్తే పద్ధతి సగం దానంతటదే తేలిపోతుంది, తెలియకపోతే ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ తెచ్చినా వచ్చే నంబర్ దేనికి సంబంధించిందో చెప్పలేం. ఏళ్ల తరబడి ఈ పని చేస్తూ నాకు కుదిరిన అభిప్రాయం ఇది, కింద రాసేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

మెష్ కంటే ముందు కాగితం

సిమ్యులేషన్ (మెటీరియల్‌ని మెష్ అనే చిన్న చిన్న ముక్కల వలగా విడగొట్టి కంప్యూటర్‌లో చేసే లెక్క) మొదలుపెట్టే ముందు చేత్తో ఒక అంచనా వేయండి, పది నిమిషాల పని. కావాల్సింది ఒక్కటే, క్రాక్ డెన్సిటీ. 2డీలో అయితే ప్రతి పగులు సగం పొడవుని వర్గం చేసి అన్నిటినీ కూడి ప్లేటు వైశాల్యంతో భాగించాలి, 3డీలో గుండ్రటి పగుళ్లయితే వ్యాసార్థం ఘనం చేసి కూడి ఘనపరిమాణంతో భాగించాలి. 1960లో బ్రిస్టో వాడిన కొలత ఇది, ఇప్పటికీ ఇదే నడుస్తోంది. గమనించండి, ఇందులో పగులు ఎంత వెడల్పుగా తెరుచుకుందన్నది ఎక్కడా లేదు. చాలామంది పోరోసిటీ (మెటీరియల్‌లో ఖాళీ ఎంత భాగమన్నది) పట్టుకుని పగుళ్ల మాడ్యులస్ లెక్కేస్తారు, అది కుదరదు, ఎందుకంటే పొడిగా ఉన్న సన్నటి పగులు ఘనపరిమాణం దాదాపు సున్నా అయినా స్టిఫ్‌నెస్‌ని మాత్రం గట్టిగా దెబ్బకొడుతుంది. పొడవు ముఖ్యం, వెడల్పు కాదు, కనీసం పొడి పగుళ్ల వరకు.

డెన్సిటీ వచ్చాక మూడు ఫార్ములాలు చేతిలో ఉంటాయి. 2డీలో అన్ని దిక్కులకీ చెదిరిన పొడి పగుళ్లకి అవి ఎంత చిన్నవో చూడండి. మొదటిది పగుళ్లు ఒకదాన్నొకటి పట్టించుకోవు అనుకునే లెక్క, నాన్ ఇంటరాక్షన్ అంటారు, మాడ్యులస్ ఒకటి ప్లస్ పై (π, 3.14) రెట్ల డెన్సిటీతో భాగింపబడుతుంది. రెండోది డిఫరెన్షియల్ స్కీమ్, పగుళ్లని కొంచెం కొంచెం కలుపుతూ ప్రతిసారీ మెటీరియల్‌ని అప్డేట్ చేసుకుంటూ పోతే మైనస్ పై రెట్ల డెన్సిటీకి ఎక్స్‌పొనెన్షియల్ వస్తుంది. మూడోది సెల్ఫ్ కన్సిస్టెంట్, 1976లో బుడియాన్‌స్కీ, ఓకానెల్ ఇద్దరూ పగుళ్ల కోసం కట్టినది, 2డీలో ఇది ఒకటి మైనస్ పై రెట్ల డెన్సిటీ, అంతే.

ఇప్పుడు నంబర్లు పెడదాం. పగుళ్లు లేనప్పటి మాడ్యులస్ ఒకటి అనుకుంటే, డెన్సిటీ 0.05 దగ్గర మూడూ 0.864, 0.855, 0.843 ఇస్తాయి, అంటే తేడా రెండు శాతం, దీనికోసం పోట్లాడుకోనక్కర్లేదు. 0.1 దగ్గర 0.761, 0.730, 0.686. 0.2కి వెళ్తే 0.614, 0.533, 0.372. 0.3కి వచ్చేసరికి 0.515, 0.390, 0.058, అంటే ఒకరు మెటీరియల్ సగం బలంగా ఉందంటుంటే ఇంకొకరు దాదాపు పొడైపోయిందంటున్నారు, ఇన్‌పుట్ మాత్రం ఒకటే. పద్ధతి ఎంచుకోవడం ఎందుకంత ముఖ్యమో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

సెల్ఫ్ కన్సిస్టెంట్ గురించి నా మాట సూటిగా చెప్తాను, పగుళ్లకి అది వాడకండి. 2డీలో డెన్సిటీ 0.318కే, 3డీ గుండ్రటి పగుళ్లకి పదహారింట తొమ్మిది అంటే 0.5625కే మెటీరియల్ స్టిఫ్‌నెస్ సున్నా అంటుంది. చాలామంది దాన్ని పర్కొలేషన్ అని సమర్థిస్తారు, పగుళ్లన్నీ కలిసిపోయి ముక్కలైపోయే చోటు అని. కానీ ఒకే పొడవున్న గీతల్ని 2డీలో ఇష్టమొచ్చినట్టు పారేస్తే అవి ఈ చివర నుంచి ఆ చివరకి కలిసేది ఇదే కొలతలో దాదాపు 1.41 దగ్గర, అంటే ఆ సున్నా నాలుగు రెట్లకి మించి ముందే వచ్చేస్తోంది. అది ఆ లెక్కలోంచి పుట్టిన సున్నా, మెటీరియల్‌లోంచి వచ్చింది కాదు.

నాన్ ఇంటరాక్షన్‌కీ డిఫరెన్షియల్‌కీ మధ్య తేల్చడం మాత్రం అంత తేలిక కాదు, ఈ రంగంలో నిజమైన వాదన జరిగింది ఇక్కడే. సేంగర్, షాపిరో వాళ్లు వేవ్ సిమ్యులేషన్లు చేసి, ఒకదాన్నొకటి కోసుకోని పగుళ్లకి డిఫరెన్షియల్ రకం లెక్కే దగ్గరగా ఉందన్నారు, 2006లో గ్రెచ్కా, కచనోవ్ 3డీ ఫైనైట్ ఎలిమెంట్ (మెష్‌లో ముక్క ముక్కకీ లెక్కేసి కలిపే పద్ధతి) చేసి, పగుళ్లు దగ్గరదగ్గరగా ఉన్నా కోసుకుంటున్నా కూడా నాన్ ఇంటరాక్షన్ నిలబడుతోందన్నారు. నేను రెండో పక్షానికే మొగ్గుతాను, కారణం నాకు అర్థమయ్యేది కాబట్టి: ఒకే గీత మీద పక్కపక్కన ఉన్న పగుళ్లు ఒకదాన్నొకటి ఇంకా తెరుస్తాయి, ఒకదానిపై ఒకటి పేర్చినట్టున్న పగుళ్లు ఒకదాన్నొకటి దాచుకుంటాయి, చోట్లు నిజంగా రాండమ్ అయితే ఈ రెండూ చాలావరకు చెల్లుకు చెల్లు అయిపోతాయి. అంటే ఆ ఫార్ములా పగుళ్ల మధ్య సంబంధం లేదని చెప్పడం లేదు, ఆ సంబంధం సగటున కనపడటం లేదని చెప్తోంది. కాబట్టి మీ పగుళ్లు వరసల్లో పేర్చినట్టు ఉంటే, పొరల మెటీరియల్‌లోలాగా, ఈ చెల్లుబాటు ఉండదు, అప్పుడు రెండు ఫార్ములాలూ పక్కన పెట్టి న్యూమరికల్‌కి వెళ్లాల్సిందే.

ఇంకో రెండు జాగ్రత్తలు. మోరి తనాకా అని ఇంకో ఫార్ములా ఉంది, చాలామంది దాన్నీ నాన్ ఇంటరాక్షన్‌నీ పక్కపక్కన పెట్టి చూడండి రెండూ కలిశాయి అని చూపిస్తారు, పగుళ్ల విషయంలో ఆ రెండూ ఒకటే లెక్క, కలవకపోతేనే ఆశ్చర్యపోవాలి, అది రెండో సాక్ష్యం కిందకి రాదు. రెండోది హడ్సన్ మోడల్, సీస్మిక్ వాళ్లు (భూమిలోకి తరంగాలు పంపి పరీక్షించేవాళ్లు) తెగ వాడతారు, దాంట్లో సెకండ్ ఆర్డర్ టర్మ్ (డెన్సిటీ వర్గంతో వచ్చే భాగం) కూడా వేసుకుంటే డెన్సిటీ ఒక హద్దు దాటాక పగుళ్లు పెరిగేకొద్దీ స్టిఫ్‌నెస్ మళ్లీ పైకి లేవడం మొదలవుతుంది, అది జరగని పని. డెన్సిటీ 0.1 దాటితే దాని జోలికి వెళ్లకండి.

3డీ వాళ్లకి ఒక నంబర్ ఇచ్చేసి ముందుకెళ్తాను, పాయిజన్ రేషియో (Poisson, పొడవునా లాగితే అడ్డంగా ఎంత సన్నబడుతుందో చెప్పే నిష్పత్తి) 0.25 ఉన్న మెటీరియల్‌లో అన్ని దిక్కులా చెదిరిన గుండ్రటి పొడి పగుళ్లకి నాన్ ఇంటరాక్షన్ ప్రకారం మాడ్యులస్ ఒకటి ప్లస్ 1.76 రెట్ల డెన్సిటీతో భాగింపబడుతుంది, అంటే డెన్సిటీ 0.1కి 0.85, 0.3కి 0.65. దీన్ని పైనున్న 2డీ 0.761తో పోల్చి చూడండి. 2డీ డెన్సిటీ, 3డీ డెన్సిటీ రెండూ వేరే కొలతలు, ఒక దాని నంబర్ తీసి ఇంకోదాంట్లో పెట్టడం నేను రివ్యూ చేసినవాటిలో ఎన్నోసార్లు చూశాను.

ఎప్పుడు నిజంగా సిమ్యులేషన్ కావాలి

పగుళ్లు వరసల్లో ఉన్నాయి, లేదా ఆకారాలు గజిబిజిగా ఉన్నాయి, లేదా సీటీ స్కాన్ చేతిలో ఉంది, లేదా మూసుకునే పగుళ్లున్నాయి, ఇలాంటప్పుడు. కేవలం డెన్సిటీ తక్కువ, చోట్లు రాండమ్, పొడి అయితే నేను పిల్లలకి సిమ్యులేషన్ వద్దనే చెప్తాను, ఫార్ములా వాడి మిగిలిన టైము పగుళ్ల కొలతల మీద పెట్టండని.

ఫైనైట్ ఎలిమెంట్ దగ్గర మొదలుపెడదాం, నూటికి తొంభైమంది చేరేది ఇక్కడికే. మెష్ కట్టే జీమెష్ సాఫ్ట్‌వేర్‌లో పగులుని మందం లేని గీతగా పెట్టి నోడ్స్ (మెష్ ముక్కలు కలిసే బిందువులు) రెండుగా చీల్చి, అబాకస్ అనే సాఫ్ట్‌వేర్‌లోనో కామ్సాల్‌లోనో నడిపితే పని అవుతుంది. దీని బలం ఏంటంటే ఏ ఆకారమైనా పెట్టొచ్చు, కాంటాక్ట్ (పగులు అంచులు తగిలితే ఒకదాంట్లోకి ఒకటి చొరబడకుండా ఆపే షరతు) పెట్టొచ్చు, చుట్టూ మెటీరియల్ ఎలాంటిదైనా కావచ్చు. బలహీనత మెష్ కట్టడమే, రెండు పగుళ్లు చాలా దగ్గరగా వచ్చినచోట, లేదా చిన్న కోణంలో కోసుకున్నచోట మెష్ జనరేటర్ మొరాయిస్తుంది, వంద రాండమ్ శాంపిల్స్ చేయాలంటే అందులో పదో పదిహేనో అక్కడే ఆగిపోతాయి, అలా ఆగినవాటిని వదిలేసి మిగిలినవాటికి సగటు తీస్తే మీ పగుళ్లు ఇక రాండమ్ కావు, దగ్గరదగ్గరగా ఉన్న కేసులన్నీ మీకు తెలీకుండానే బయటకి పోయాయి. ఇది చాలామంది గమనించరు.

మెష్ ఎంత సన్నగా ఉండాలన్నదానికి ఒక చిట్కా ఉంది, నాకు చాలా ఇష్టమైనది. పగులు కొస దగ్గర స్ట్రెస్ సింగులారిటీ (లెక్కలో స్ట్రెస్ అక్కడ అనంతానికి పోవడం) వల్ల, మెష్‌ని అంతటా ఒకేలా సన్నబరిస్తే ఎనర్జీలో తప్పు ఎలిమెంట్ సైజుతో పాటే సమానంగా తగ్గుతుంది, క్వాడ్రాటిక్ ఎలిమెంట్స్ (వంపు కూడా పట్టుకునే మెష్ ముక్కలు) వాడినా ఈ వేగం మారదు. అంటే సైజు సగం చేస్తే తప్పు సగం. దీన్ని మనకి అనుకూలంగా మార్చుకోవచ్చు, మామూలు మెష్‌తో మాడ్యులస్ నిష్పత్తి 0.780 వచ్చింది, సగం సైజుతో 0.770 వచ్చింది అనుకుందాం, అసలు జవాబు సన్నటి మెష్ విలువని రెండింతలు చేసి అందులోంచి మామూలు మెష్ విలువని తీసేస్తే వస్తుంది, 0.760. మూడో మెష్ కూడా నడిపి 0.765 వస్తోందో లేదో చూసుకుంటే ఇక నమ్మకంగా ఉండొచ్చు. ఇంకోటి, మామూలు డిస్‌ప్లేస్‌మెంట్ ఎలిమెంట్స్ ఎప్పుడూ స్టిఫ్‌నెస్ ఎక్కువే చూపిస్తాయి, మీ మెష్ సన్నబడేకొద్దీ స్టిఫ్‌నెస్ పెరుగుతోందంటే ఎక్కడో బగ్ ఉంది. కొస దగ్గర క్వార్టర్ పాయింట్ ఎలిమెంట్స్ (ఆ సింగులారిటీని పట్టుకునేలా నోడ్స్ జరిపిన ముక్కలు) పెట్టాలా అని అడుగుతారు, పగులు పెరుగుతుందా లేదా అని చూసేవాళ్లకి అవి కావాలి, మనకి కావాల్సింది మొత్తం మాడ్యులస్ మాత్రమే కాబట్టి కొసల చుట్టూ మెష్ సన్నగా ఉంటే చాలు.

నాకు జరిగింది ఒకటి చెప్తాను. ఒకసారి అరవై పగుళ్ల ప్లేటుకి మాడ్యులస్ లెక్కేశాను, లాగితే ఎంత వచ్చిందో నొక్కితే కూడా ఆఖరి అంకె దాకా అంతే వచ్చింది, చూసి సంతోషించాను కూడా. మూడు వారాల తర్వాత డిఫార్మ్డ్ షేప్‌ని పెద్దది చేసి చూస్తే నొక్కిన ప్లేటులో పగులు పై అంచు కింద అంచుని దాటి అవతలికి వెళ్లిపోయి ఉంది, ఒక అంచు రాయి ఇంకో అంచు రాయిలోకి చొచ్చుకుపోయినట్టు. కాంటాక్ట్ పెట్టలేదు, లీనియర్ లెక్క కాబట్టి సాల్వర్‌కి అభ్యంతరం లేదు, వార్నింగ్ కూడా రాలేదు. అప్పటి నుంచి ఏ రన్ అయినా ముందు చూసేది అదే, ప్రతి పగులు తెరుపులో అతి చిన్న విలువ నెగటివ్‌లోకి వెళ్లిందా లేదా.

అలాగని ప్రతిసారీ కాంటాక్ట్ అక్కర్లేదు. గుండ్రటి పగులుని దానికి లంబంగా నొక్కితే పూర్తిగా మూసుకోడానికి కావాల్సిన స్ట్రెస్ చేత్తోనే లెక్కేయొచ్చు: పై రెట్ల మాడ్యులస్‌ని యాస్పెక్ట్ రేషియోతో (పగులు వెడల్పుని దాని పొడవుతో భాగిస్తే వచ్చేది) గుణించి, నాలుగు రెట్ల ఒకటి మైనస్ పాయిజన్ వర్గంతో భాగించాలి. మాడ్యులస్ 50 గిగాపాస్కల్స్, పాయిజన్ 0.25, యాస్పెక్ట్ రేషియో 0.001 అయితే సుమారు 42 మెగాపాస్కల్స్. అల్ట్రాసోనిక్ టెస్టులో స్ట్రెయిన్ (పొడవుతో పోలిస్తే ఎంత సాగిందన్నది) పది లక్షల్లో ఒకటి స్థాయిలో ఉంటుంది, అది ఇలాంటి తెరుచుకున్న పగులుని మూయలేదు, కాబట్టి కాంటాక్ట్ లేని లీనియర్ లెక్క అక్కడ సరిగ్గా సరిపోతుంది. అదే ప్రెస్‌లో పెట్టి నొక్కే టెస్టుని పోలుస్తుంటే పగుళ్లు ఒక్కోటి ఒక్కో లోడు దగ్గర మూసుకుంటాయి, మూసుకున్నవి రాపిడితో జారతాయి, స్టాటిక్ మాడ్యులస్ (నెమ్మదిగా నొక్కి కొలిచేది) డైనమిక్ మాడ్యులస్ (తరంగాలతో కొలిచేది) కంటే తక్కువ రావడానికి ఈ జారుడు ఒక పెద్ద కారణం. మీ లెక్కని ఏ టెస్టుతో పోలుస్తున్నారో ముందే తేల్చుకోండి, లేకపోతే సరైన లెక్కని తప్పనుకుని దిద్దుతూ కూర్చుంటారు.

ఎక్స్‌ఫెమ్ (ఎక్స్‌టెండెడ్ ఫైనైట్ ఎలిమెంట్) సంగతి. 1999లో బెలిచ్కో, మోయెస్, డోల్‌బో వాళ్లు తెచ్చిన ఈ పద్ధతిలో పగులు మెష్‌తో సంబంధం లేకుండా ఎలిమెంట్స్ మధ్యలోంచి పోతుంది. ఒకే చతురస్రాల మెష్ మీద వందల రాండమ్ శాంపిల్స్ నడపాలంటే ఇది హాయి, పైన చెప్పిన మెష్ మొరాయింపు ఉండదు. కానీ పగుళ్లు కోసుకునే చోట జంక్షన్ కోసం అదనపు ఫంక్షన్లు రాయాలి, అది అన్ని ప్యాకేజీల్లోనూ తయారుగా ఉండదు, పగులు ఎలిమెంట్ మూలని కొంచెం మాత్రమే కోసిన చోట మ్యాట్రిక్స్ కండిషన్ పాడవుతుంది, అంటే చిన్న తప్పే జవాబులో పెద్దదైపోతుంది. విడివిడి పగుళ్లకైతే తీసుకోండి, అల్లుకుపోయిన పగుళ్లకైతే నేను తీసుకోను.

బౌండరీ ఎలిమెంట్, దాంట్లోనే డిస్‌ప్లేస్‌మెంట్ డిస్‌కంటిన్యుటీ అనే రకం, ఇప్పుడు ఎక్కువమంది నేర్చుకోవట్లేదు, నాకు బాధే. పగుళ్ల మీద మాత్రమే ఎలిమెంట్స్ పెడితే చాలు, మధ్యలో మెటీరియల్‌కి మెష్ అక్కర్లేదు, తెలిసేది నేరుగా పగులు తెరుపు, మనకి కావాల్సింది కూడా అదే. అసలు చిక్కు మ్యాట్రిక్స్ నిండుగా ఉండటం: 2డీలో వెయ్యి పగుళ్లు, ఒక్కోదానికి 20 ఎలిమెంట్స్, రెండు దిక్కులు అంటే 40,000 అన్‌నోన్స్, మ్యాట్రిక్స్‌లో 160 కోట్ల అంకెలు, ఒక్కోటి 8 బైట్లయితే దాదాపు 13 జీబీ. ఇప్పటి మెషీన్లకి ఇది పెద్ద లెక్క కాదు. కానీ చుట్టూ ఉన్న మెటీరియల్ అంతా ఒకే రకంగా ఉండాలి, కాంక్రీటులో కంకర ఒక రకం, సిమెంటు పేస్టు ఒక రకం అంటే దీని సుఖమంతా పోతుంది. 2డీ, ఒకే మెటీరియల్, పొడి పగుళ్లు, సంఖ్య ఎక్కువ అంటే నా మొదటి ఎంపిక ఇదే.

స్కాన్ చేతిలో ఉన్నవాళ్లకి

సీటీ స్కాన్ నుంచి నేరుగా లెక్కేయాలనుకుంటే ఎఫ్ఎఫ్‌టీ (ఫాస్ట్ ఫోరియర్ ట్రాన్స్‌ఫామ్) పద్ధతి సహజమైన దారి, 1994లో మూలినెక్, సుకే మొదలుపెట్టింది, మెష్ అనేదే ఉండదు, స్కాన్‌లోని చిన్న చిన్న 3డీ గడులు, అంటే వోక్సెల్సే మెష్. 512 ఘనం అంటే 13 కోట్ల 42 లక్షల వోక్సెల్స్, స్ట్రెయిన్ ఆరు భాగాలు దాచుకోడానికే దాదాపు 6.4 జీబీ, అయినా ఇదే సైజు ఫైనైట్ ఎలిమెంట్‌తో పోలిస్తే చాలా తేలిక. కానీ మొదటి రకం స్కీమ్ పగుళ్లలాంటి ఖాళీలకి కన్వర్జ్ అవ్వదు (ఒక జవాబు దగ్గర స్థిరపడదు), స్టిఫ్‌నెస్ తేడా అనంతం కాబట్టి. ఆ ఖాళీకి చిన్న స్టిఫ్‌నెస్ ఏదో ఇచ్చి నెట్టుకొచ్చేవాళ్లుంటారు, అది చేయకండి, 2015లో విల్లో చెప్పిన రొటేటెడ్ స్కీమ్ గానీ స్టాగర్డ్ గ్రిడ్ గానీ ఉన్న కోడ్ తీసుకోండి, కోడ్ మాన్యువల్‌లో ఈ ఒక్క మాట ఉందో లేదో చూసి మరీ ఎంచుకోండి.

అసలు కష్టం సాల్వర్‌లో కూడా కాదు, బొమ్మలో ఉంది. పగులు తెరుపు చాలాసార్లు వోక్సెల్ కంటే సన్నం, స్కాన్‌లో నలుపుగా కాక బూడిద రంగులో మసగ్గా కనిపిస్తుంది, థ్రెషోల్డ్ (ఎంత నలుపుంటే పగులు అనాలో చెప్పే హద్దు) ఒక మెట్టు అటు జరిపితే పగులు తునకలు తునకలుగా విడిపోతుంది, ఇటు జరిపితే లావైపోతుంది. లావైతే పొడి పగులుకి పెద్ద నష్టం లేదు, వంద వోక్సెల్స్ పొడవు ఒక వోక్సెల్ మందం ఉన్నా అది సన్నదే. తునకలైతే మాత్రం కొంప మునుగుతుంది, ఎందుకంటే రెండు అంచుల మధ్య చిన్న వంతెన ఒక్కటి మిగిలినా పగులు తెరుపు బాగా పడిపోతుంది, పది శాతం పొడవు అతుక్కుంటే పది శాతం నష్టం అనుకోకండి, అంతకంటే చాలా ఎక్కువ. ఏటవాలు పగులు మెట్లు మెట్లుగా వస్తుంది, ఆ మెట్లు మూలల దగ్గర మాత్రమే తగులుతుంటే అవతలి రాయి ఇవతలి రాయి కూడా అదే మూల దగ్గర కలిసిపోయి లేని వంతెన పుట్టుకొస్తుంది, కాబట్టి పగులు వోక్సెల్స్ ముఖాముఖీ తగిలేలా సరిచేసుకోవాలి. నేను థ్రెషోల్డ్ మూడు రకాలుగా పెట్టి మూడుసార్లూ నడుపుతాను, మాడ్యులస్ అందులో 5 శాతం కంటే ఎక్కువ ఊగితే ఆ స్కాన్ ఈ పనికి చాలదని చెప్పేస్తాను. 573 డిగ్రీల దగ్గర క్వార్ట్జ్ రూపం మారి గింజల అంచుల వెంట పగుళ్లు పడ్డ గ్రానైట్ లాంటివాటికి ఈ ఇబ్బంది మరీ ఎక్కువ, పగుళ్లు గింజ గింజ చుట్టూ ఉంటాయి, చాలా సన్నగా ఉంటాయి.

వేవ్ సిమ్యులేషన్, ఫేజ్ ఫీల్డ్, మిగతావి

రొటేటెడ్ స్టాగర్డ్ గ్రిడ్ అనే లెక్క గడుల అమరిక మీద వేవ్‌ని పంపి వెలాసిటీ నుంచి మాడ్యులస్ తీయడం ఇంకో దారి, 2000లో సేంగర్ వాళ్లు దీన్ని పగుళ్లకి పనికొచ్చేలా చేశారు. మీరు చివరికి పోల్చేది వెలాసిటీతోనే అయితే, లేదా స్కాటరింగ్ (పగుళ్లకి తగిలి వేవ్ చెదరడం) కూడా కావాలంటే ఇది తీసుకోండి. స్టాటిక్ మాడ్యులస్ ఒక్కటే కావాలంటే ఇది చుట్టు దారి. వేవ్‌లెంగ్త్ లెక్క మాత్రం మర్చిపోకూడదు, ల్యాబ్‌లో 1 మెగాహెర్ట్జ్, వెలాసిటీ సెకనుకి 5000 మీటర్లు అంటే వేవ్‌లెంగ్త్ 5 మిల్లీమీటర్లు, పగులు 1 మిల్లీమీటర్ ఉన్నా అది చిన్నదేం కాదు, ఫీల్డ్‌లో 50 హెర్ట్జ్, 4000 మీటర్లు అంటే 80 మీటర్లు, అక్కడ అదే పగులు లెక్కలోకే రాదు. ఎఫెక్టివ్ మాడ్యులస్ అన్న మాటకి అర్థం ఉండేది రెండో కేసులోనే, మొదటి దాంట్లో వచ్చే వెలాసిటీ ఫ్రీక్వెన్సీతో మారుతుంది.

ఫేజ్ ఫీల్డ్, పెరిడైనమిక్స్, డిస్క్రీట్ ఎలిమెంట్ మూడూ పగులు పెరగడం చూడ్డానికి పుట్టినవి. కదలని పగుళ్లకి మాడ్యులస్ కోసం వీటిని తేవడం గోటితో పోయేదానికి గొడ్డలి తీయడమే. ఫేజ్ ఫీల్డ్‌లో పగులు ఒక పట్టీలా పరుచుకుంటుంది, ఆ పట్టీ వెడల్పు మీ మాడ్యులస్‌లోకి వచ్చేస్తుంది. బాండ్ బేస్డ్ పెరిడైనమిక్స్‌లో 3డీలో పాయిజన్ రేషియో నాలుగింట ఒకటి దగ్గర కట్టేసి ఉంటుంది, ఎలాస్టిక్ గుణాలే కావాల్సినవాళ్లకి ఆ ఒక్కటి చాలు వద్దనడానికి. డిస్క్రీట్ ఎలిమెంట్‌లో గింజల మధ్య స్ప్రింగులని మాడ్యులస్‌కి సరిపోయేలా ముందే ట్యూన్ చేయాలి, మనం వెతికేదే మనం పెట్టడం అవుతుంది. లోడు పెంచుతూ పగుళ్లు పెరిగేకొద్దీ మాడ్యులస్ ఎలా పడుతుందో కావాలంటే అప్పుడు వీటి విలువ వేరు.

ఏది ఎంచుకున్నా తప్పించుకోలేనివి

బౌండరీ కండిషన్. ఒకే శాంపిల్‌కి అంచుల మీద డిస్‌ప్లేస్‌మెంట్ ఒకేలా పెడితే స్టిఫ్‌నెస్ ఎక్కువ వస్తుంది, ట్రాక్షన్ (అంచు మీద బలం) ఒకేలా పెడితే తక్కువ వస్తుంది, పీరియాడిక్ (ఎదురెదురు అంచులు ఒకదానితో ఒకటి సరిపోయేలా పెట్టేది) ఆ రెండింటి మధ్యలో ఉంటుంది. నేను పీరియాడిక్ వాడతాను, కానీ కనీసం ఒక శాంపిల్‌కి ఆ రెండూ నడిపి ఎంత దూరంగా ఉన్నాయో చూస్తాను, దూరం ఎక్కువుంటే పెట్టె (లెక్కకి తీసుకున్న ముక్క) చిన్నదైందని అర్థం, మెష్ సన్నబరచడం వల్ల అది నయం కాదు. పెట్టె పెద్దది చేయాలి, శాంపిల్స్ సంఖ్య పెంచాలి. పగులు అంచుని దాటి బయటకి పోతే అవతలి వైపు నుంచి లోపలికి రావాలి, కోసి వదిలేస్తే డెన్సిటీ మీరు అనుకున్నదానికంటే తగ్గిపోతుంది.

కోడ్ నమ్మదగిందో లేదో చూడ్డానికి ఒక్క పగులు చాలు. 2డీలో 20 యూనిట్ల చతురస్రం, మధ్యలో సగం పొడవు 1 ఉన్న ఒకే పగులు, దానికి లంబంగా లాగండి. డెన్సిటీ 400లో ఒకటి అంటే 0.0025, సమాంతర పగుళ్లకి మాడ్యులస్ ఒకటి ప్లస్ రెండు పై రెట్ల డెన్సిటీతో భాగింపబడుతుంది, అంటే 1.0157. తగ్గుదల ఒకటిన్నర శాతం. ఇంత చిన్న తేడాని సగటు స్ట్రెస్‌ని సగటు స్ట్రెయిన్‌తో భాగించి తీస్తే రెండు దాదాపు సమానమైన నంబర్ల మధ్య తేడాలో మెష్ తప్పంతా వచ్చి కూర్చుంటుంది. దాని బదులు పగులు తెరుపుని పొడవు వెంట కూడి, ప్లేటు వైశాల్యంతో భాగిస్తే వచ్చేదే పగులు వల్ల వచ్చిన అదనపు స్ట్రెయిన్, తీసివేతే అక్కర్లేదు. తెరుపు ఎలా ఉండాలో కూడా తెలుసు, దీర్ఘవృత్తం ఆకారంలో, మధ్యలో స్ట్రెస్‌ని నాలుగు రెట్ల సగం పొడవుతో గుణించి మాడ్యులస్‌తో భాగించినంత. ఆ వంపు మీద మీ నోడ్స్ ఒక్కోటి కూర్చుంటుంటే చూడ్డానికి చాలా బాగుంటుంది, నేను ఇప్పటికీ కొత్త కోడ్ చేతికొస్తే మొదట గీసే గ్రాఫ్ అదే.

చివరిగా నీళ్లు. పొడి పగుళ్లకి వెడల్పు అనవసరం అన్నాను కదా, నీళ్లు చేరాక అది తలకిందులవుతుంది. ఫ్లూయిడ్ బల్క్ మాడ్యులస్‌ని (అన్ని వైపులా నొక్కితే ఎంత ఎదిరిస్తుందన్నది) రాయి బల్క్ మాడ్యులస్‌తో భాగించి, దాన్ని యాస్పెక్ట్ రేషియోతో మళ్లీ భాగించండి. నీళ్లకి 2.25 గిగాపాస్కల్స్, క్వార్ట్జ్‌కి 37, యాస్పెక్ట్ రేషియో 0.001 అయితే దాదాపు 60 వస్తుంది, ఒకటి కంటే చాలా ఎక్కువ, అంటే అన్ని వైపులా ఒకేలా నొక్కితే పగులు ఉన్నా లేనట్టే, షియర్‌లో (పక్కకి జారేలా తోస్తే) మాత్రం బలహీనత అలాగే ఉంటుంది. అదే యాస్పెక్ట్ రేషియో 0.1 అయితే 0.6, నీళ్లున్నా పగులు మెత్తగానే ఉంటుంది. గాలైతే ఎలాగూ పొడి కిందే లెక్క. కాబట్టి తడి పగుళ్లని ఒక వోక్సెల్ మందంతో ఎఫ్ఎఫ్‌టీలో పెడితే యాస్పెక్ట్ రేషియో 0.001 కాస్తా 0.01 అయిపోయి ఆ 60 కాస్తా 6 అయిపోతుంది, అక్కడ మందం లేని గీత పెట్టి తెరుపుని ఫ్లూయిడ్ స్ప్రింగుగా రాసే ఫైనైట్ ఎలిమెంటో బౌండరీ ఎలిమెంటో మాత్రమే తీసుకోండి. పగుళ్లు ఒకదానితో ఒకటి కలిసి ఉండి లోడు నెమ్మదిగా పడుతుంటే నీళ్లు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి జారుకోడానికి టైము దొరుకుతుంది, అప్పుడు పొడి లెక్క చేసి దానిమీద 1951 నాటి గాస్‌మన్ ఫార్ములా (పొడి రాయి మాడ్యులస్ నుంచి తడి రాయిది తీసేది) వేస్తే సరిపోతుంది, అదే అల్ట్రాసోనిక్ అయితే జారే టైము ఉండదు, ప్రతి పగుళ్లోనూ నీళ్లు అక్కడికక్కడే బందీ అయినట్టు లెక్కేయాలి.